వెళ్లాలా, ఉండాలా? హారానులో మాత్రం ఆగిపోవద్దు



సంక్రాంతి దాటి రెండు ఆదివారాలు గడిచేసరికి మా దగ్గరికి ప్రార్థన కోసం వచ్చేవాళ్లలో సగం మంది ఒకటే మాట అడుగుతారు. "అయ్యగారూ, హైదరాబాదు పోదామనుకుంటున్నాం. దేవుని చిత్తమేనంటారా?" కొందరు చెన్నై అంటారు, కొందరు బెంగళూరు అంటారు. నిజం చెప్పాలంటే అడిగేనాటికే చాలామంది మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసేసుకుని ఉంటారు. అనకాపల్లిలో గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్టు కూడా కొనేసి ఉంటారు. అలాంటప్పుడు మమ్మల్ని అడిగేది చిత్తం గురించి కాదు, ఆమేన్ చెప్పమని. అయినా అడిగారు కాబట్టి, ఈ విషయం మీద మేము చాలా ఏళ్లుగా అనుకుంటున్నది ఈసారి రాసి పెడదామనుకున్నాం.

మొదట ఒక సంగతి. రాష్ట్రం మారడం అంటే మనం కదలడమే అని మనకు ఒక అభిప్రాయం ఉంది. మన సంఘాల్లో ఎనభై దాటిన పెద్దమ్మలను అడగండి. వాళ్లు పుట్టినప్పుడు చోడవరం మద్రాసు కింద ఉండేది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చింది. 1956 నవంబరు 1న హైదరాబాదు రాజధానిగా ఆంధ్రప్రదేశ్ అయింది. 2014 జూన్ 2న ఆ ఆంధ్రప్రదేశ్ రెండయింది. 2022 ఏప్రిల్ 4న జిల్లా కూడా మారి అనకాపల్లి జిల్లా అయింది, అయినా ఇప్పటికీ మన చిరునామాలో విశాఖపట్నం జిల్లా అనే రాసుకునేవాళ్లే ఎక్కువ. ఆ పెద్దమ్మ గుమ్మం దాటింది లేదు. గీతలే ఆమె మీదుగా నడిచి వెళ్లాయి.

ఇక 1990ల్లో మన రావికమతం, బుచ్చెయ్యపేట మండలాల నుంచి కూకట్‌పల్లి వైపు కూలిపనికి వెళ్లిన కుటుంబాలు చూడండి. వాళ్లు వెళ్లింది సొంత రాష్ట్రంలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి. ఒక తెల్లవారి లేచి చూసేసరికి పొరుగు రాష్ట్రంలో ఉన్నారు. బిందె కూడా పక్కకు జరపలేదు, గాని పిల్లాడు ఎక్కడి స్థానికుడు, ఓటు ఎక్కడ, అమ్మ పింఛను ఎక్కడ అన్న ప్రశ్నలన్నీ ఆ రోజునుంచే మొదలయ్యాయి. కాబట్టి "మేము రాష్ట్రం దాటే రకం కాదండీ" అని ఎవరూ గట్టిగా అనుకోవద్దు.

మన తాతలు దాటారు కూడా. బర్మా రంగూనుకు ఈ తీరం నుంచి ఓడలెక్కి వెళ్లినవాళ్లు వేలమంది. బియ్యం మిల్లుల్లో, రేవుల్లో పనిచేశారు. 1942లో జపాను దండెత్తినప్పుడు అడవులూ కొండలూ దాటుతూ కాలినడకన వచ్చినవాళ్లున్నారు. అరవైల్లో అక్కడి సైనిక ప్రభుత్వం దుకాణాలనూ వ్యాపారాలనూ జాతీయం చేశాక చేతి సంచులతో దిగినవాళ్లున్నారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అని ఇప్పటికీ పిలుస్తారు, ఆ పేరు ఊరికే రాలేదు. ఇటు ఖరగ్‌పూర్ రైల్వేలో పనికి వెళ్లి అక్కడే మూడు నాలుగు తరాలుగా ఉండిపోయిన తెలుగువాళ్లూ ఉన్నారు. వలస మన ఉత్తరాంధ్రకు కొత్త జబ్బేమీ కాదు. అసలు జబ్బో కాదో కూడా తొందరపడి చెప్పకూడదు.

ఎందుకంటే మా పాస్టర్లలో ఒక అలవాటు ఉంది. వెళ్లేవాళ్లను చూడగానే నయోమి కథ తీస్తాం. బేత్లెహేములో కరవు వస్తే ఎలీమెలెకు భార్యాపిల్లల్ని తీసుకుని మోయాబుకు వెళ్లాడు, అక్కడ తానూ ఇద్దరు కొడుకులూ చనిపోయారు, కాబట్టి ఊరు విడవకండి అని ముగిస్తాం. లేఖనం అక్కడితో ఆగితే సరే. గాని అదే లేఖనంలో కరవు వచ్చినప్పుడు ఇస్సాకుతో ఐగుప్తుకు దిగవద్దన్నాడు దేవుడు. అతను గెరారులోనే విత్తి, ఆ ఏడే నూరంతలు కోశాడు. మళ్లీ కరవు వచ్చినప్పుడు ముసలివాడైన యాకోబుతో, భయపడకుండా ఐగుప్తుకు వెళ్లమన్నాడు. ఒకే దేవుడు, ఒకే కుటుంబం, ఒకే ఐగుప్తు. తండ్రికి వద్దన్నది కొడుకుకు సరే అయింది. కాబట్టి వెళ్లడం పాపమూ కాదు, ఉండిపోవడం పుణ్యమూ కాదు. ఇందులో పాస్టర్ల స్వార్థం కూడా కొంచెం ఉంటుంది, దాచుకోవడం ఎందుకు? పది కుటుంబాలు వెళ్లిపోతే ఆదివారం చాపలు ఖాళీ, కానుకల సంచి తేలిక. అదే కుటుంబాలు అక్కడినుంచి ఫోన్‌పేలో దశమభాగం పంపడం మొదలుపెడితే మాత్రం మా ప్రసంగంలో మోయాబు కాస్తా గోషెను దేశమైపోతుంది.

వెళ్లడంవల్ల వచ్చే మేలు ముందు చెబుతాం. డబ్బు ఒక్కటే కాదు. డబ్బు నిజమే: మన వైపు చెరకు తగ్గిపోయింది, గానుగలు తగ్గాయి, కాబట్టి చెరకు నరుకుడు కూలి కూడా తగ్గింది. అనకాపల్లి బెల్లం మార్కెట్టుకు దేశమంతా పేరున్నా ఆ పేరుతో మన గుడిసెలో పొయ్యి వెలగదు. సరుగుడు వేసిన పొలంలో ఏడాదికి ఎన్ని రోజులు పని దొరుకుతుంది? వేసినప్పుడు కొన్ని రోజులు, కొట్టినప్పుడు కొన్ని రోజులు. ఉపాధి హామీ పని జాబుకార్డు ఉన్న ఊళ్లోనే, అదీ ఏడాది పొడుగునా ఉండదు.

గాని మా వరకు మాకు డబ్బు కంటే పెద్దగా కనబడే మేలు ఇంకొకటి. మన పేటలోని యాభై ఏళ్ల మనిషిని ఊళ్లో పదేళ్ల కుర్రాడు "ఏరా" అని పిలుస్తాడు. అదే మనిషి హైదరాబాదులో సెంట్రింగు మేస్త్రీ అయ్యాక ఇంజనీరు కూడా "అన్నా" అంటాడు. పండక్కి వచ్చినప్పుడు ఆ మనిషి నడక చూస్తేనే తెలుస్తుంది. భుజాలు కొంచెం పైకి లేచి ఉంటాయి. వాళ్ల ఆడపిల్ల డిగ్రీ చదువుతోందంటే, దాన్ని ఊళ్లో ఆపగలిగిన మాటలు ఆ ఊరికి చేరకపోవడం కూడా ఒక కారణం. ఇది తక్కువ సంగతి కాదు. నగరంలో కులం లేదని మేము అనడం లేదు. ఇల్లు అద్దెకు అడిగినప్పుడు అక్కడా అడుగుతారు. గాని పొద్దున్న లేచింది మొదలు ప్రతి వీధి మలుపులోనూ గుర్తుచేసేవాళ్లు తక్కువ. దేవుడు అబ్రామును తన బంధువుల నుంచీ తండ్రి ఇంటి నుంచీ బయటికి రమ్మన్న మాట మన పేటల్లో చదివినప్పుడు, పెద్ద వీధుల్లో చదివినట్టు వినబడదు. కొందరికి బయటికి రావడమే మొదటి ఊపిరి.

ఇక నష్టాలు. ఇవి ఎవరూ మేస్త్రీ నోట వినరు, కాబట్టి కొంచెం వివరంగా.

మనిషి సరిహద్దు దాటినంత తేలిగ్గా మనిషి కాగితాలు దాటవు. రేషన్ కార్డు కొంత నయం. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పద్ధతిని 2019 ఆగస్టులో మొదలుపెట్టినప్పుడు ముందుగా కలిపిన జతల్లో ఆంధ్ర, తెలంగాణ ఒకటి. ఇప్పుడు అన్ని రాష్ట్రాల్లోనూ ఉంది. గాని అది కేంద్ర ఆహార భద్రతా చట్టం కిందికి వచ్చే కార్డులకే. మన రాష్ట్రం తన ఖర్చుతో ఇచ్చిన కార్డయితే దాటదు. మీది ఏ రకమో సచివాలయంలో అడిగి తెలుసుకుని వెళ్లండి. ఇంట్లో సగం మంది ఇక్కడ, సగం మంది అక్కడ ఉన్నా ఎవరి వంతు బియ్యం వాళ్లు తీసుకోవచ్చన్నది చాలామందికి తెలియదు.

పింఛను అలా కాదు. 2024 జూలై నుంచి మన రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను నెలకు 4000. మొదటి తారీఖున ఇంటికి తెచ్చి ఇస్తారు, గాని ఆ ఇంట్లో మనిషి ఉండాలి. కొడుకూ కోడలూ పనికి పోతే మనవల్ని చూసుకోవడానికి అమ్మను తీసుకెళ్దామనుకుంటారు. అమ్మ వెళ్తే ఆ డబ్బు ప్రశ్న. వెళ్లకపోతే ఒంటరి ముసలితనం. ఆ 4000 చాలా ఇళ్లల్లో ఆమెకున్న గౌరవం కూడా. మందులకు ఎవర్నీ అడగక్కర్లేదు, మనవడి చేతిలో పది రూపాయలు పెట్టగలదు. హైదరాబాదులో ఒక గదిలో ఆమె వంటమనిషిగా, ఆయాగా మిగులుతుంది. దీన్ని ఎవరూ లెక్కలో వేయరు. మేము వేయమంటున్నాం. ఇంట్లో వెళ్దామన్న మాట వచ్చినప్పుడు అందరికంటే ముందు ఆమెను అడగండి, ఆఖర్న చెప్పడం కాదు.

అన్నిటికంటే కఠినమైనది కులధృవీకరణ పత్రం, స్థానికత. దీనిమీద ఒక పాత కేసు ఉంది. తెనాలిలో పుట్టిన ఒక పిల్లవాడు, ఆంధ్రలో వాళ్ల సముదాయం షెడ్యూల్డు తెగల జాబితాలో ఉంది. తండ్రికి ఆ కోటాలోనే ఒక కేంద్ర ప్రభుత్వ సంస్థలో ఉద్యోగం వచ్చి బొంబాయి వెళ్లారు. పిల్లవాడికప్పుడు తొమ్మిదేళ్లు. పెరిగాడు, చదివాడు, మెడిసిన్ సీటుకు వెళ్తే ఆ సముదాయం మహారాష్ట్ర జాబితాలో లేదన్నారు. 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా అదే చెప్పింది: వలస వెళ్లినవాడు కులాన్ని వెంట తీసుకెళ్లవచ్చు గాని, ఆ కులానికి సొంత రాష్ట్రంలో ఉన్న రిజర్వేషన్ హక్కును తీసుకెళ్లలేడు. 2018లో ఇంకో రాజ్యాంగ ధర్మాసనం ఇదే వైఖరిని నిలబెట్టింది. ఆ తీర్పుల్లో న్యాయమెంత అని వాదించుకోవచ్చు. అవమానం మాత్రం రాష్ట్రం సరిహద్దు దగ్గర దిగిపోదు కదా అని మాకు ఎప్పుడూ అనిపిస్తుంది. గాని చట్టం అలా ఉంది, మన పిల్లల జీవితం చట్టంతోనే నడవాలి. మన సంఘాల్లో చాలామంది దగ్గర ఉన్న బీసీ-సి పత్రానికీ ఇదే లెక్క. అది ఏ రాష్ట్రపు జాబితా కిందదో ఆ రాష్ట్రపు ఉద్యోగానికీ సీటుకీ మాత్రమే.

స్థానికత సంగతి తల్లిదండ్రులు బాగా వినాలి. మన రెండు తెలుగు రాష్ట్రాలకూ 371-డి అధికరణం కింద, 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల నుంచీ ఒక పద్ధతి ఉంది. కాలేజీ సీట్లలో 85 శాతం స్థానికులకు. స్థానికుడు అంటే, స్థూలంగా, ఇంటర్ దాకా వరుసగా నాలుగేళ్లు అక్కడ చదివినవాడు. విభజన తర్వాత మిగతా 15 శాతంలో రెండు రాష్ట్రాల పిల్లలూ పోటీపడే అవకాశం పదేళ్లపాటు, 2024 జూన్ 2 దాకా ఉండేది. ఆ గడువు అయిపోయింది. తెలంగాణ వైద్య కళాశాలల విషయంలో ఈ నాలుగేళ్ల నియమాన్ని 2025లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. ప్రభుత్వ ఉద్యోగాల స్థానికతకు లెక్క వేరు: తెలంగాణలో 2018 ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి లోపు నాలుగేళ్లు చూస్తారు.

ఇప్పుడు మన ఇళ్లల్లో జరిగేది చూడండి. పిల్లవాడు ఎనిమిది దాకా చోడవరంలో. తొమ్మిదిలో నాన్న తీసుకెళ్లాడు. పదిలో అక్కడ ఫీజు కట్టలేక మళ్లీ ఇక్కడి హాస్టల్లో వేశారు. ఇంటర్ మళ్లీ అక్కడ. పిల్లవాడు తెలివైనవాడే. మార్కులూ వచ్చాయి. గాని నాలుగేళ్లు వరుసగా ఎక్కడా లేవు. ఏ రాష్ట్రం "నావాడు" అనదు. తండ్రి రెండు చోట్లా కష్టపడ్డాడు, పిల్లవాడు రెండు చోట్లా పరాయివాడయ్యాడు. మా సలహా ఇది: మారిస్తే తొమ్మిదో తరగతి మొదలయ్యేలోపే మార్చండి, మార్చాక ఇంటర్ అయ్యేదాకా కదపకండి. అది కుదరదనుకుంటే ఇంటర్ దాకా ఇక్కడే ఉంచండి.

తమిళనాడు వెళ్లేవాళ్లకు ఇంకో మాట. 2006లో అక్కడ తమిళం నేర్చుకునే చట్టం వచ్చింది. ఆ ఏడు ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక తరగతి చొప్పున పైకి వెళ్లి 2016 నాటికి పదో తరగతి చేరింది. అక్కడే పుట్టిన తెలుగు పిల్లలే కోర్టుల చుట్టూ తిరిగారు. మధ్యలో ఏడో తరగతిలో వెళ్లి దిగిన మన పిల్లవాడి గతి ఆలోచించండి. తప్పు తమిళానిది కాదు. ఏ రాష్ట్రమైనా తన భాష నేర్పుకుంటుంది. కర్ణాటక 2015లో, తెలంగాణ 2018లో అలాంటి చట్టాలే చేశాయి. హైదరాబాదులో మనకు ఆ బాధ లేదు, అది చిన్న మేలు కాదు. మీకు రెండు చోట్లా కూలి ఒకటే అయితే, పిల్లలున్నవాళ్లు చెన్నై కంటే హైదరాబాదు చూసుకోవడం నయమని మేము నిస్సంకోచంగా చెబుతాం.

ఇక ప్రాణం సంగతి. రాయడానికి చేయి రాదు గాని రాయాలి. 2014 జూన్ 28 సాయంత్రం చెన్నై దగ్గర మౌలివాక్కంలో కడుతున్న పదకొండు అంతస్తుల భవనం వర్షంలో కూలిపోయింది. 61 మంది చనిపోయారు. అందులో చాలామంది మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెలవాళ్లు. రాష్ట్రం విడిపోయి నెల కూడా కాలేదు. ఇక్కడ అంతా రాజధాని ఎక్కడ, ఆస్తులెవరికి అని మాట్లాడుకుంటున్నారు, అక్కడ శిథిలాల దగ్గర ఊరి పేరు చెప్పి మనిషిని వెతుక్కుంటున్నారు. ఇక సముద్రం మీద పని చేసేవాళ్లు. శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి బోట్లెక్కుతారు. 2018 నవంబరులో పాకిస్తాన్‌కు చిక్కినవాళ్లలో ఇరవై మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర మన గడ్డ మీద అడుగుపెట్టారు. మూడు నెలలు తిరక్కముందే లాక్‌డౌన్ వచ్చి, అదే వేరావల్‌లో వేలమంది మనవాళ్లు బోట్లలోనే చిక్కుకుపోయారు. బస్సుల్లో ఇళ్లకు చేర్చేసరికి ఏప్రిల్ ఆఖరు, మే నెల.

అంటే వెళ్లవద్దనా? కాదు. పనిలో ప్రమాదం మన అచ్యుతాపురంలోనూ ఉంది, పరవాడలోనూ ఉంది. తేడా ఎక్కడంటే, ఇక్కడ ప్రమాదం జరిగితే గంటలో ఊరు చేరుతుంది, పదిమంది గేటు ముందు నిలబడతారు. అక్కడ చాలాసార్లు ఆ మనిషి పేరు ఏ రిజిస్టర్లోనూ ఉండదు. 1979లోనే అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చేశారు. ఒడిశా నుంచి తీసుకెళ్లే దాదన్ కూలీల దుస్థితి దానికి మూలం. అయిదుగురిని గాని అంతకు మించి గాని తీసుకెళ్లే కాంట్రాక్టరుకు లైసెన్సు ఉండాలి, ఫొటోతో పాసుబుక్కు ఇవ్వాలి, దారి ఖర్చులివ్వాలి, ఊరు కదిలించినందుకు విడిగా భత్యం ఇవ్వాలి అని రాశారు. 2020లో పార్లమెంటు దాన్ని కొత్త కార్మిక స్మృతిలో కలిపింది. మా దగ్గరికి వచ్చినవాళ్లలో ఆ పాసుబుక్కు చూపించినవాళ్లు ఇప్పటిదాకా ఒక్కరూ లేరు. మేస్త్రీ మన బంధువే అయి ఉంటాడు, "మనోడే కదా" అని కాగితం అడగరు. మనవాడైతే కాగితం రాసివ్వడానికి ఇబ్బంది ఏముంది?

ఇప్పుడు మేము అసలు చెప్పదలచుకున్నది. ఇన్నేళ్లు చూశాక మాకు తోచింది ఏమిటంటే, వెళ్లినవాళ్లు చెడలేదు, ఉన్నవాళ్లు చెడలేదు. మధ్యలో ఆగినవాళ్లు చెడ్డారు.

తెరహును గుర్తుచేసుకోండి. అబ్రాము తండ్రి. కల్దీయుల ఊరు అనే పట్టణం నుంచి కొడుకునూ కోడలినీ మనవడు లోతునూ తీసుకుని బయలుదేరాడు. వెళ్లాల్సింది కనానుకు. హారాను దాకా వచ్చారు. అక్కడ ఆగారు. అక్కడే తెరహు చనిపోయాడు. ఎందుకు ఆగాడో లేఖనం చెప్పదు. అలసిపోయాడేమో, కాస్త వ్యాపారం కుదిరిందేమో, వచ్చే ఏడు వెళ్దాంలే అనుకున్నాడేమో. కనాను చేరలేదు, వెనక్కీ పోలేదు.

మన ఇళ్లల్లో ఎన్ని హారానులు! భర్త పన్నెండేళ్లుగా అక్కడ, భార్య ఇక్కడ. మొదట్లో "రెండేళ్లలో అప్పు తీర్చి వచ్చేస్తాను" అన్నాడు. అప్పు తీరింది. తర్వాత ఇల్లు అన్నారు, స్లాబు పడింది. తర్వాత పిల్ల పెళ్లి. ప్రతిసారీ కారణం మంచిదే. మధ్యలో పన్నెండేళ్లు పోయాయి. ఏటా పది రోజుల భర్త, పది రోజుల తండ్రి. పిల్లలు నాన్నను ఫోన్లో పలకరించడం నేర్చుకున్నారు, ఇంట్లో కనబడితే ఏం మాట్లాడాలో తెలియదు. అక్కడ గదిలో నలుగురు మగాళ్లు, సాయంత్రం సీసా. ఇక్కడ ఆమె ఒక్కతే డ్వాక్రా వాయిదా కట్టుకోవాలి, మామగారిని ఆసుపత్రికి తీసుకెళ్లాలి, గుడికి ఆలస్యంగా వస్తే ఊరి మాటలు పడాలి. పొలం కౌలుకిచ్చి మెల్లగా పోగొట్టుకున్నారు. అక్కడ ఇల్లు కొనలేదు. ఓటు ఇక్కడుంది. 2024 మే 13న రెండు రాష్ట్రాల్లోనూ ఒకేరోజు పోలింగు పడితే బస్సులకు కిక్కిరిసి వచ్చారు. ఓటేసి మర్నాడే వెళ్లిపోయారు, తమ వీధి కాలువ గురించి అడిగే తీరిక లేకుండా. అక్కడి కార్పొరేటరు వీళ్లను లెక్కచేయడు, ఇక్కడి సర్పంచికి వీళ్లు గుర్తురారు.

కాబట్టి మాదొక్కటే మాట: వెళ్తే పూర్తిగా వెళ్లండి. లేదా తేదీ పెట్టుకుని వెళ్లండి.

పూర్తిగా వెళ్లడమంటే యిర్మీయా బబులోను చెరలో ఉన్నవాళ్లకు పంపిన ఉత్తరంలో చెప్పినట్టు. రేపో మాపో వచ్చేస్తామని మూటలు విప్పకుండా కూర్చున్నవాళ్లకు, అక్కడే ఇళ్లు కట్టుకోమన్నాడు, తోటలు నాటమన్నాడు, పెళ్లిళ్లు చేసుకోమన్నాడు, ఆ పరాయి పట్టణం బాగుకోసమే ప్రార్థన చేయమన్నాడు. అలాగే భార్యాపిల్లలతో వెళ్లండి. ఆధార్ చిరునామా మార్చండి. ఓటు మార్చుకోండి. బండి ఉంటే ఏడాది దాటాక అక్కడి నంబరు వేయించక తప్పదు, ఆ పన్ను కూడా లెక్కలో వేసుకోండి. ఒక సంఘంలో చేరండి. ఇక్కడి నుంచి సభ్యత్వ బదిలీ ఉత్తరం అడగండి, సంతోషంగా ఇస్తాం. పదిహేనేళ్లుగా హైదరాబాదులో ఉంటూ "మా సంఘం చోడవరమే అయ్యగారూ" అనేవాళ్లు మమ్మల్ని సంతోషపెడుతున్నాం అనుకుంటారు. పెళ్లికి ఒక సంఘం, జ్వరం వచ్చిన రాత్రికి సంఘమే లేదు.

తేదీ పెట్టుకుని వెళ్లడమంటే, ఇంత అప్పు, ఇన్ని నెలలు, ఫలానా పండక్కి తిరిగి వచ్చేస్తాను అని భార్య ముందు, తల్లిదండ్రుల ముందు చెప్పి వెళ్లడం. ఆ తేదీ పొడిగించాలంటే ఫోన్లో కాదు, ఇంటికి వచ్చి కూర్చుని మాట్లాడాలి. యాకోబు మామ దగ్గర ఏడేళ్లన్నాడు, ఇరవై అయ్యాయి. అక్కడ లాబాను మోసం ఉంది. మన దగ్గర లాబాను లేకపోయినా ఏడు ఇరవై అవుతోంది.

ఉండిపోయేవాళ్లకూ ఒక మాట. ఉండడం కూడా నిర్ణయమే కావాలి. ఇస్సాకు గెరారులో ఊరికే కూర్చోలేదు, విత్తాడు. తండ్రి తవ్వించిన బావులు పూడిపోతే మళ్లీ తవ్వాడు. పక్కవాళ్లు గొడవపెడితే ఇంకోటి తవ్వాడు. మన కుర్రాళ్లు కొందరు హైదరాబాదు మీద కోపంతో ఉంటున్నారు, చోడవరం మీద ప్రేమతో కాదు. బస్టాండులో కూర్చుని వెళ్లినవాళ్ల బైకులు చూసి నిట్టూరుస్తారు. అచ్యుతాపురం బట్టల కంపెనీకి మన ఆడపిల్లలు తెల్లవారకుండానే బస్సెక్కి వెళ్లి రాత్రికి ఇల్లు చేరుతున్నారు. రాష్ట్రం దాటకుండా ఇల్లు నిలబెడుతున్నది వాళ్లే. వాళ్లను మెచ్చుకునే సాక్ష్యం మన ఆదివారాల్లో ఎన్నిసార్లు వినబడింది?

ఇంకొకటి మరిచిపోతున్నాం. మనం వెళ్తున్నట్టే మన దగ్గరికీ వస్తున్నారు. ఫార్మా కంపెనీల్లో, కడుతున్న భవనాల దగ్గర, ఇటుక బట్టీల్లో ఒడియా, హిందీ మాటలు వినబడుతున్నాయి. అద్దె గదుల్లో ఎనిమిదేసి మంది ఉంటున్నారు. సంతలో వాళ్లకు కూరగాయల ధర వేరు. మన కుర్రాళ్లు వాళ్లను పిలిచే తీరు కూడా మేము విన్నాం. మనవాడిని చెన్నైలో ఎవరైనా అలా పిలిస్తే మనకు నిద్ర పట్టదు. పోయిన క్రిస్మస్‌కి మన ఆరాధనకు నలుగురు ఒడియా కుర్రాళ్లు వచ్చి వెనక చాప మీద కూర్చున్నారు. ఒక్క ముక్క తెలుగు రాదు. భోజనాల దగ్గర మన ఆడవాళ్లు రెండోసారి అన్నం పెడుతుంటే చేయి అడ్డం పెట్టలేదు. అయ్యాక ఆకులు ఎత్తడానికి అందరికంటే ముందు లేచారు. వాళ్ల ఇంటిదగ్గర కూడా ఎవరో ముసలమ్మ ఫోన్ పట్టుకుని కూర్చునే ఉంటుంది.

ఈ నెలలో బయలుదేరేవాళ్లు శనివారం సాయంత్రం పాస్టరు ఇంటికి రండి. టికెట్టు కొనకముందు వస్తే మంచిది, కొన్నాక వచ్చినా సరే. రేషన్ కార్డు, ఆధార్, పిల్లల స్టడీ సర్టిఫికెట్లు, కులధృవీకరణ పత్రం తెచ్చుకోండి. రెండేసి జిరాక్సులు తీయించి ఒక కట్ట ఇక్కడ బీరువాలో పెడతాం. మేస్త్రీ పేరు, ఫోన్ నంబరు, పని చేసే చోటు చిరునామా మన సంఘం పుస్తకంలో రాయించండి. చిరునామా తెలియదంటే, తెలిసేదాకా బయలుదేరవద్దు. భార్యాభర్తలిద్దరూ కలిసి రండి. అమ్మ నడవగలిగితే ఆమెనూ తీసుకురండి, అమ్మగారు ఆమెతో విడిగా మాట్లాడతారు. ఆ తర్వాత ప్రార్థన చేసుకుందాం.